జమదగ్ని పోయినంక

అన్యాయం జరిగింది ఎవరికి? ఎట్లా జరిగింది?

పరిశోధన ప్రతిపాదన ఇట్లా మొదలుకాకూడదని నాకు తెలుసు. మొదట అంశం చెప్పాలి, తరువాత పూర్వ పరిశోధనల ప్రస్తావన ఉండాలి, ప్రశ్న ఆ పైన రావాలి. జీవితమంతా పిల్లలకు వ్యాసం రాయడం నేర్పినదాన్ని. అయినా ఆ ఉదయం నల్లగొండలోని మా ఇంట్లో, చిక్కుడుకాయలకు ఈనెలు తీస్తూ, పక్కన పెట్టుకున్న కాగితం మీద నేను రాసిన మొదటి వాక్యాలు అవే. రేణుక మనసు చెదిరిందని భర్త జమదగ్ని అనుమానించాడు. తండ్రి మాట మీద కొడుకు ఆమె తల నరికాడు. ఆ తెగిన తలనే మన ఊళ్ళు ఎల్లమ్మ అని కొలుస్తున్నాయి. నరికినవాడు అవతారపురుషుడయ్యాడు. నరికించినవాడు మహర్షిగానే మిగిలాడు. క్షమాపణ చెప్పినట్టు ఏ పురాణంలోనూ లేదు.

"ఏం రాస్తున్నవ్? కిరాణా సామానా?" అన్నారు మా ఆయన నరహరి, పేపరు వెనక నుంచి.

"పిహెచ్‌డి కోసం. వచ్చే నెల యూనివర్సిటీలో చెప్పాలి."

"అరవై దాటినంక డాక్టరైతవా? మంచిదే. నా బీపీ చూస్తవ్." తన మాటకు తానే నవ్వుకున్నారు. "ఇంతకు దేని మీద?"

"ఎల్లమ్మ మీద."

పేపరు దిగింది. నవ్వు ఆగిపోయింది.

"ఇంక దేవతలే దొరకలేదా నీకు? లక్ష్మీదేవి మీద రాయి, సరస్వతి మీద రాయి, ఎవలొద్దన్నరు? మీ అమ్మను చూసినంక గూడ బుద్ధి రాలేదా స్వర్ణా?"

ఈ ఇంట్లో నేను జవాబు చెప్పడం మానేసి చాలా కాలమైంది. అది ఏ రోజున మొదలయిందో కూడా నాకు జ్ఞాపకముంది. పెళ్ళయిన కొత్తలో ఒక సాయంత్రం బడి నుంచి వచ్చి, ఇంటిల్లిపాదికీ వండి, వడ్డించి, చివరికి నేను తినబోతే గిన్నెలో కూర లేదు. "నాకు మిగల్చలేదేం?" అని అడిగాను. గొంతు కొంచెం పెరిగి ఉంటుంది. ఆయన నవ్వుతూ మా అత్తగారితో, "అమ్మా, జర పసుపునీళ్ళు తే. నీ కోడలికి శిగమొచ్చినట్టుంది. వాళ్ళమ్మ రక్తమాయె" అన్నారు. మా వైపు పూనకాన్ని శిగం అంటారు. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. ఆ తరువాత ఎప్పుడు నాకు కోపం వచ్చినా, ఆ కోపం న్యాయమైనదా అని నేను ఆలోచించలేదు. ముందుగా నా చేతులు వణుకుతున్నాయా అని చూసుకునేదాన్ని. బడిలో నా అడుగుల చప్పుడు వింటేనే పిల్లలు నిశ్శబ్దమైపోయేవారు. ఆ గొంతును నేను ప్రతి సాయంత్రం గడప బయట, చెప్పుల పక్కన విడిచి లోపలికి వచ్చేదాన్ని.

మా అమ్మ పేరు యాదలక్ష్మి. మర్రిగూడ దగ్గరి ఒక పల్లెలో నేతవారి ఇంటి ఆడబిడ్డ. నాయిన పోయినప్పుడు నాకు ఏడేళ్ళు. అమ్మ నన్ను వెంటబెట్టుకొని పుట్టింటికి వచ్చింది. తిన్న అన్నానికి బదులుగా ఆ ఇంటి మగ్గాలన్నిటికీ ఆమే ఆసు పోసేది. ఆసు అంటే, రంగు అద్దే ముందు ముడులు కట్టబోయే పోగును మేకుల చుట్టూ అటూ ఇటూ తిప్పి పెట్టడం. పొద్దున్నుంచి దీపం పెట్టేదాకా చేయి ఊగుతూనే ఉండాలి. చీర నేసినవాడి పేరు మీద అమ్ముడుపోతుంది. ఆసు పోసిన చేతికి పేరు ఉండదు. ఇంటి ఆడమనిషి అయితే కూలి కూడా ఉండదు.

మరుసటి వేసవి ఎల్లమ్మ పండుగకు ఇంటి ఆడబిడ్డలకు ఒడిబియ్యం పోశారు. పసుపు కలిపిన బియ్యం, ఎండుకొబ్బరి కుడుకలు, ఖర్జూరాలు, రైక గుడ్డ పుట్టింటివాళ్ళు కొంగులో పోస్తే, పెళ్ళి చేసి పంపినా నువ్వు ఇంకా ఈ ఇంటి పిల్లవే అని చెప్పినట్టు. భర్త పోయినవాళ్ళకు పోయరు. అమ్మ వచ్చి వరుసలో కూర్చుంటే మా అవ్వ, "నీకెక్కడిదే బిడ్డా, లే" అని లేపింది. అమ్మ లేచి ఆసు గదిలోకి వెళ్ళిపోయింది. వాకిట్లో బైండ్లవాళ్ళు ఎల్లమ్మ కథ మొదలుపెట్టారు. చంకలో ఇరికించి వాయించే జమిడిక గుంయ్ గుంయ్ అని మోగింది. ఆ మోతలోనే అమ్మ బయటికి వచ్చింది. జుట్టు విడిపోయి ఉంది. ఒళ్ళు ముందుకూ వెనక్కూ ఊగుతోంది. "నా ఒడి నింపు బాపూ, నా ఒడి నింపు" అని అరిచింది. అది నేనెరిగిన అమ్మ గొంతు కాదు. నేను ధాన్యపు గుమ్మి వెనక దాక్కొని పావడా తడుపుకున్నాను.

మా తాత ఆమె కాళ్ళ మీద పడ్డాడు. "తప్పైంది తల్లీ, నీ ఒడి నింపుత" అన్నాడు. అందరూ పళ్ళెం నిండా బియ్యం తీసుకొని, డప్పులతో ఊరి చివర ఎల్లమ్మ గుడికి పోయి, విగ్రహం ఒడిలో పోసి వచ్చారు. అమ్మ ఆసు మేకుల పక్కన సొమ్మసిల్లి పడి ఉంది. మరుసటి ఏడూ అదే శిగం, అదే కోరిక. "పోసినం గద తల్లీ!" అన్నాడు తాత. మళ్ళీ పోశారు. మూడో ఏడు కూడా అదే అడిగేసరికి పెద్దలు కూర్చొని తీర్మానించారు. పోసినా మళ్ళీ అదే అడుగుతున్నదంటే ఇది ఎల్లమ్మ కాదు, పిచ్చి. అప్పటి నుంచి పండుగ రోజు అమ్మను ఆసు గదిలో పెట్టి బయట గొళ్ళెం వేయడం ఆ ఇంటి ఆచారమైంది. తాత పోయాడు, అవ్వ పోయింది, ఇల్లు అమ్మ తమ్ముడు లక్ష్మీనర్సయ్య మామ చేతికి వచ్చింది. గొళ్ళెం మారలేదు. అమ్మను నా దగ్గరికి తెచ్చుకుంటానంటే మా ఆయన ఒప్పుకోలేదు. అమ్మ కూడా, "బిడ్డ ఇంట్ల పడి తింటరా? సచ్చినా పుట్టింట్లనే" అంది.

చిన్నప్పుడే నన్ను కాన్వెంటు హాస్టల్లో వేశారు. అక్కడి సిస్టర్ నా కథ విని, "మీ అమ్మ కోసం ప్రార్థన చెయ్యి. నీ కోసం ఇంకా ఎక్కువ చెయ్యి" అంది. నేను మోకాళ్ళ మీద కూర్చొని ప్రతి సాయంత్రం ఒక్కటే కోరుకునేదాన్ని. దేవుడా, నాలోకి ఎవరూ రాకుండా చూడు.

ఇప్పుడు కూడా జమిడిక వినిపిస్తే నేను ఆ దారి వదిలి పక్క సందులోకి తిరిగిపోతాను. మరి ఎందుకు ఈ పరిశోధన? భయపడే వస్తువు వైపు వీపు పెట్టి బతకడం ఇక చేతకాలేదు. వెనక ఏముందో చూడకుండా చనిపోవడం అంతకంటే భయంగా ఉంది.

నా పర్యవేక్షకురాలు నిహారిక నా శిష్యురాళ్ళ వయసుది. అలంపురం మ్యూజియంలో తల లేని దేవతను చూసి రమ్మని పంపింది ఆమే. తల ఉండవలసిన చోట పద్మం. పిల్లలు లేని స్త్రీలు ఆమెకు నూనె రాస్తారట. ఆమెకు నోరు లేదు, అందుకే అందరికీ నచ్చిందేమో అనుకున్నాను. తరువాత హైదరాబాదులో ఒక అపార్టుమెంటు హాలుకు కూడా వెళ్ళాను. ఉద్యోగాలున్న స్త్రీలు చాపల మీద కూర్చొని, 'నాలోని దేవీ, మేలుకో' అంటూ కళ్ళు మూసుకున్నారు. జుట్టు విప్పండి, ఒళ్ళు వదిలేయండి అని గురువుగారు చెప్పగానే ఊగారు. ఏడ్చారు. నేను మాత్రం కళ్ళు తెరుచుకొని చాప అంచు పట్టుకొని కూర్చున్నాను. అయిపోయాక గ్రీన్ టీ ఇచ్చారు. "ఎంత తేలికైపోయానో" అంది నా పక్కనామె. ఆమెను ఎవరూ గదిలో పెట్టలేదు. కింద కారు ఆమె కోసం ఎదురుచూస్తోంది. నేను ఆమెను చూసి నవ్వలేదు. ఊగుతున్నప్పుడు ఆమె కూడా, 'నా మాట ఎవరూ వినరు' అనే ఏడ్చింది. పట్నంలో ఊగితే సాధన, పల్లెలో ఊగితే పిచ్చి. నా పరిశోధన ఈ రెండు మాటల మధ్యనే ఉంది.

నిహారిక అంతా విని, "బాగుంది మేడమ్. కాని మీరు పుస్తకాలల్ల తిరుగుతున్నరు, పట్నంల తిరుగుతున్నరు, మీ ఊరికి మాత్రం పోతలేరు" అంది. "మాది కొత్తకోట. మా మేనత్తకు గూడ శిగమొచ్చేది. మా నాయిన ఆమెకు సొంత తమ్ముడు. అయినా శిగంల 'కొడుకా' అనే పిలిచేది. అదేందత్తా అంటే, అమ్మవారికి తమ్ముళ్ళెక్కడుంటరు, అందరు కొడుకులే అని పెద్దోళ్ళు మమ్మల్నే తిట్టేటోళ్ళు." ఫోనులో ఒక రికార్డింగు పెట్టింది. జమిడిక మోగింది. నేను లేచి బయటికి నడిచాను. మెట్ల మీద గోడ పట్టుకొని నిలబడ్డాను. ఆమె వెనకే వచ్చింది.

"మీకు భయమా మేడమ్?"

"అవును" అన్నాను. అరవై రెండేళ్ళలో ఆ మాట పైకి అనడం అదే మొదటిసారి.

పండుగకు వెళ్తానని ఇంట్లో చెప్పాను. మా ఆయన కేకలు వేయలేదు. అది ఇంకా భయపెట్టింది.

"పోదాం. నేనూ వస్త" అన్నారు నెమ్మదిగా. "కాని ఒక్క ముచ్చట. ఆడ నువ్వు ఊగినవంటే సీదా దవాఖానకే తీస్కపోత. తెలిసిన డాక్టరుతోని మాట్లాడి పెట్టిన. ఒక్క సూది. పిహెచ్‌డి, ఎల్లమ్మ, అన్ని బంద్."

మా అమ్మకు ఒక గొళ్ళెం వేశారు. నాకు వేయబోయేది సూదిలో ఉంది. ఒక్కసారి ఊగితే చాలు, ఆ తరువాత నేను రాసిన ప్రతి వాక్యమూ పిచ్చిదాని వాక్యమే అవుతుంది. కారులో దారి పొడుగునా రెండు అరచేతులూ తొడల కింద పెట్టుకొని కూర్చున్నాను.

"వచ్చినవా పంతులమ్మా!" అంది సావిత్రమ్మ అత్తమ్మ, మామ భార్య, వాకిట్లోనే. "నా మనుమరాలు సదువు అయిపోగొట్టుకొని ఇంట్ల కూసున్నది, నువ్వింక బడికి పోతాన్నవట! పలక తెచ్చుకున్నవా?"

"అమ్మ ఏది అత్తమ్మా?"

"ఏడుంటది? ఎప్పటి జాగనే. పండుగ గద. కడుపు నిండ తినవెట్టిన, ఫికర్ జెయ్యకు."

వసారా చివర ఆసు గది. తలుపుకు అదే ఇనుప గొళ్ళెం. తుప్పు కూడా పట్టలేదు. వాడుతున్న వస్తువుకు తుప్పు పట్టదు.

మామ మంచంలో ఒత్తిగిలి దగ్గుతున్నాడు. ఆ ఊరి ఫ్లోరైడు నీళ్ళకు మోకాళ్ళు ఎప్పుడో వంగిపోయాయి. ఇప్పుడు ఊపిరి కూడా అందడం లేదు. ఆయన ఛాతీ ఎగిసినప్పుడల్లా అత్తమ్మ చేస్తున్న పని ఆపి అటు చూసేది. పరిహాసాలాడే మనిషి కళ్ళలో ఆ చూపు నేను మొదటిసారి గమనించాను.

కథ మొదలయింది. నేను వెనక గోడకు ఆనుకొని కూర్చున్నాను. నాకు రెండు బారల దూరంలో మా ఆయన, చేతిలో ఫోను పట్టుకొని, కథకుణ్ణి చూడకుండా నన్నే చూస్తున్నారు. జమిడిక మోగింది. మొదట అరికాళ్ళలో తెలిసింది. తరువాత పళ్ళలో. గుమ్మి వెనక దాక్కున్న పిల్ల నాలో లేచి నిలబడింది. కథకుడు జమదగ్నిని రాజు కొడుకులు చంపిన ఘట్టం పాడుతున్నాడు. తల అతికి తిరిగి బతికిన ఎల్లమ్మ రొమ్ము బాదుకొని ఏడుస్తోంది. మొగుణ్ణి పోగొట్టుకున్న ఆ ఎల్లమ్మ కోసమే, ఎదురుగా పళ్ళెంలో పసుపు బియ్యం, కుడుకలు, ఖర్జూరాలు, ఎర్రని రైక గుడ్డ సిద్ధంగా ఉన్నాయి.

అప్పుడు తలుపు వెనక నుంచి చప్పుడు వినిపించింది. పోగు లేని మేకుల మీద ఒక చేయి అటూ ఇటూ కొట్టుకుంటున్న చప్పుడు. దాని వెంట గొంతు, ఎనభై ఏళ్ళకు అరిగి సన్నబడిన గొంతు.

"నా ఒడి నింపు తమ్మీ."

తమ్మీ.

అమ్మవారికి తమ్ముళ్ళెక్కడుంటారు?

మా తాతను ఏమని పిలిచింది? బాపూ అంది. ఎల్లమ్మకు మా తాత బాపు ఎట్లా అవుతాడు? ఆ రోజు వాకిలి నిండా జనం ఆ మాట విన్నారు. ఒక్కరూ వినలేదు. ఎవరి ఒడి అడిగితే ఎవరి ఒడి నింపి వచ్చారు! నేను లేచాను. లేచినట్టు నాకు తెలియదు. కాళ్ళు వణికాయి, చేతులు వణికాయి, ముడి జారి జుట్టు భుజాల మీద పడింది.

"అమ్మ వచ్చింది! బిడ్డ మీదికి అమ్మ వచ్చింది!" అని ఎవరో అరిచారు. వేపమండలు తెచ్చారు. పసుపునీళ్ళు నా పాదాల మీద పడ్డాయి. లక్ష్మీనర్సయ్య మామ, నా చిన్నప్పటి నుంచి 'నీకేం కావాలి' అని ఒక్కసారైనా అడగని మనిషి, మంచం దిగి, వంగిన మోకాళ్ళతో పాకి వచ్చి, నా ముందు చేతులు జోడించాడు.

"ఏం కావాలె తల్లీ? చెప్పు తల్లీ, నువ్వేదంటె అది."

ఎంత సులభం! ఒక్క అబద్ధం చాలు. గొళ్ళెం తీయమంటే తీస్తారు. కాని ఎల్లమ్మ అడిగితే బియ్యం మళ్ళీ ఎల్లమ్మ గుడికే పోతాయి. అడిగిన మనిషి మళ్ళీ గదిలోనే ఉంటుంది. తప్పు అక్కడే జరిగింది. దాన్ని నేను మళ్ళీ చేయలేను. నిజం చెప్పాలంటే నా సొంత గొంతుతోనే చెప్పాలి. ఆ గొంతుకే సూది సిద్ధంగా ఉంది.

"చేతులు దించు మామా" అన్నాను. నా గొంతు వాకిలి దాటి వీధిలోకి వినిపించింది. గడప బయట విడిచి వచ్చిన బడి గొంతు. "నేను ఎల్లమ్మను కాదు. స్వర్ణలతను. నా ఒంట్లోకి ఎవరూ రాలేదు. భయంతో వణుకుతున్నాను, అంతే."

జమిడిక ఆగిపోయింది.

"సూసిండ్రా, సూసిండ్రా గొంతు!" మా ఆయన ముందుకు వచ్చారు. "నేను ముందే చెప్పిన. పట్టుకోండ్రి, కార్ల ఎక్కిద్దాం."

"పట్టుకుంటే పట్టుకోండి. చెప్పడం పూర్తిచేసి నేనే ఎక్కుతాను." ఆయన వైపు చూడలేదు. చూస్తే ఆగిపోతానని భయం. "మామా, తలుపు వెనక నుంచి పిలుపు విన్నావా? ఏమని పిలిచింది నిన్ను?"

మామ ఆసు గది తలుపు వైపు తిరిగాడు.

"తమ్మీ అంది. మీ నాయినను బాపూ అంది. అడిగింది ఎల్లమ్మ కాదు మామా. మీ అక్క. మీరు ఏటేటా దేవత ఒడి నింపి, అక్కకు గొళ్ళెం వేశారు."

"మొగుడు లేనిదానికి ఎట్ల పోస్తం బిడ్డా? రివాజు లేదు."

"ఇప్పుడు ఏం పాడారు? జమదగ్ని పోయాడని కాదూ? పోయినంక ఎల్లమ్మకు మొగుడు ఉన్నాడా? ఆమె ఒడి ఏ రివాజు ప్రకారం నింపుతున్నారు?"

"దేవుండ్ల ముచ్చట వేరు..." దగ్గు తెర వచ్చి మామ మాట తెగిపోయింది. ఛాతీ ఎగిసిపడుతోంది. అత్తమ్మ పరుగున వచ్చి వీపు నిమిరింది. దగ్గు ఆగేదాకా నిమిరి, అక్కడే కూలబడి, ఆయన ముఖంలోకి చూసింది.

"రేపు నువ్వు పోతె," అంది మెల్లగా, "మా అన్నలు నన్ను గూడ గిట్లనే లేపుతరా?"

అత్తమ్మ లేచింది. ఎల్లమ్మ ముందున్న పళ్ళెం ఎత్తి మామ చేతుల్లో పెట్టింది. "పోయి మీ అక్క ఒడిల పొయ్యి. ఎల్లమ్మకు మళ్ళ నేను కొలుచుకొస్త, ఇంట్ల బియ్యానికి కరువా?" అని నా వైపు తిరిగి, "ఏం జూస్తున్నవ్ పంతులమ్మా? గొళ్ళెం తియ్యి" అంది.

గొళ్ళెం మీద చేయి వేశాక మళ్ళీ భయం వచ్చింది. ఆ తలుపు వెనక నేను ఎనిమిదేళ్ళప్పుడు చూసిన ముఖం ఉంటుందేమో. తీశాను. తెల్లని జుట్టుతో ఒక చిన్న ముసలామె మేకుల ముందు కూర్చొని ఉంది. వెలుతురుకు కళ్ళు చికిలించింది.

"కత అయిపోయిందా బిడ్డా?"

"కాలేదమ్మా. నీ కోసం ఆపారు."

వరుసలో, యాభై నాలుగేళ్ళ కింద లేపిన చోటనే కూర్చోబెట్టాను. అమ్మ పళ్ళేన్ని చూసింది. దాన్ని పట్టుకున్న చేతులను చూసింది. కొంగు పట్టింది. మామ దోసిలితో కొంచెం పోశాడు, ఆగాడు, మళ్ళీ కొంచెం పోశాడు.

"దోసిళ్ళెంది తమ్మీ?" అంది అమ్మ. "ఇన్నేండ్ల బాకీ. పళ్ళెం వంపెయ్యి."

వంపేశాడు. కొంగు బరువుకు అమ్మ ముందుకు వంగింది. తరువాత ఒడిబియ్యం అందుకున్న ఆడబిడ్డ చేయవలసిన పని మరిచిపోకుండా చేసింది. ఒడిలో నుంచి పిడికెడు బియ్యం తీసి, తమ్ముడి ఖాళీ పళ్ళెంలో తిరిగి పోసి, "నా పుట్టిల్లు సల్లగుండాలె" అంది.

మా ఆయన నా మోచేయి పట్టుకొని, "అయింది గదా, నడువు ఇంటికి" అన్నారు గొంతు తగ్గించి.

"మీరు వెళ్ళండి. నేను ఇక్కడ కొన్ని రోజులు ఉంటాను. ఎల్లమ్మ ఏమడిగిందో చాలామంది రాశారు. అమ్మ ఏమడిగిందో నేను రాసుకోవాలి." గొంతు తగ్గించలేదు. చేతులు ఇంకా వణుకుతూనే ఉన్నాయి. వాటిని దాచలేదు.

కథకుడు అత్తమ్మ వైపు చూశాడు. ఆమె తల ఊపింది. జమిడిక మళ్ళీ మోగింది. వాకిట్లో ఉన్నవాళ్ళందరి కళ్ళూ ఒక్కసారిగా అమ్మ మీదికి తిరిగాయి. నావి కూడా.

అమ్మ ఒడి ముడి వేసుకుంది. ఊగలేదు.